కొండ మీది పాత హోటల్, కొత్త హంగులు: విజయవాడ, గుంటూరు వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే గవర్నర్‌పేటలోని మా చిన్న ప్రయాణాల ఆఫీసులో ఫోను మోగడం ఆగదు. ఎక్కువమంది అడిగేది ఒకటే: "కొండ మీద మంచి హోటల్ చూడండి, ఖర్చుకు ఫరవాలేదు." ఖర్చుకు ఫరవాలేదన్నవారే తిరిగి వచ్చాక ఎక్కువ నొచ్చుకోవడం నేను చూశాను. కొండల్లో పేరున్న ఖరీదైన హోటళ్లలో చాలావరకు పాత బంగళాలే. మరమ్మతులు చేసి, హంగులు అమర్చి, తలుపులు తిరిగి తెరిచినవి. వాటిలో ఏది మారింది, ఏది మారలేదు అని ముందే అడగాలి. ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ అడుగుతారు. ఈ జవాబుల్లో ఎక్కువ భాగం నీలగిరుల గురించే, అంటే ఊటీ, కూనూరు, కోటగిరి గురించే. మన వైపు నుంచి వెళ్లేవారు ఎక్కువగా పట్టే దారి అదే కాబట్టి.

ఇంత డబ్బు పోస్తున్నాం, గదిలో ఏసీ లేదంటారేమిటి?

మొదటి ఫోనులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. బెజవాడ ఎండలో కూర్చుని అడిగేవారిని తప్పుపట్టలేం. మన ఊరు సముద్రమట్టానికి పట్టుమని పాతిక మీటర్ల ఎత్తు కూడా లేదు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. లెక్కకే పద్నాలుగు డిగ్రీలకు పైగా తేడా వచ్చింది. మేలో కూడా అక్కడ పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 25 దాటదు. అందువల్ల అడగవలసింది ఏసీ గురించి కాదు, హీటర్ గురించి. అది గదిలోనే ఉంటుందా, అడిగితే తెచ్చి పెడతారా, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా అన్నది కనుక్కోండి.

చాలా గదుల్లో ఫ్యాను కూడా ఉండదు. ఫ్యాను చప్పుడు లేకపోతే నిద్ర పట్టనివారు మన ఊళ్లో ఇంటికొకరు ఉంటారు. వారికి మొదటి రాత్రి కాస్త కష్టమే.

'పునరుద్ధరించిన హోటల్' అంటే అసలు ఏమి మార్చినట్టు?

ఆ ఒక్క మాట కింద మూడు రకాల పనులు దాక్కుని ఉంటాయి. మొదటిది పైపూత. గోడలకు రంగులు, కొత్త పరుపులు, కొత్త పరదాలు, మంచం పక్కన ఇత్తడి దీపం. ఫొటోల్లో బ్రహ్మాండంగా కనిపించేది ఇదే. రెండోది లోపలి పని. నీటి గొట్టాలు, కరెంటు తీగలు, పైకప్పు, మురుగు పారే దారి మార్చడం. ఇది ఏ ఫొటోలోనూ కనిపించదు, కానీ మీ నాలుగు రోజుల సుఖం దీని మీదే ఆధారపడి ఉంటుంది. మూడోది పాతదాని స్థానంలో కొత్తది కట్టడం. సిమ్లా దగ్గర మషోబ్రాలోని వైల్డ్‌ఫ్లవర్ హాల్ ఇందుకు ఉదాహరణ. ఒకప్పుడు బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ కిచెనర్ అక్కడ నివసించాడు. 1993లో అది అగ్నికి ఆహుతైంది. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టిన భవనం. పేరు పాతది, కట్టడం కొత్తది. అందులో మోసమేమీ లేదు. అలాంటి చోట గొట్టాలు, తీగలు కొత్తవి కాబట్టి కొందరికి అదే నయం కూడా. కాకపోతే వందేళ్ల నాటి గోడల మధ్య పడుకోవాలన్న ముచ్చటతో వెళ్లేవారు ఈ తేడా తెలుసుకుని వెళ్లాలి.

పైపూత ఎంత మోసగిస్తుందో నాకు స్వయంగా తెలిసింది. కొన్నేళ్ల కిందట నీలగిరుల్లో ఒక హోటల్లో దిగాను. గోడలు నిగనిగలాడుతున్నాయి. అర్ధరాత్రి లేచి చూస్తే మంచం తలవైపు గోడ మీద అరచేతి వెడల్పున చెమ్మ మరక. తెల్లారేసరికి అది జానెడు అయింది. తర్వాత ఒక పాత మేస్త్రి చెబితే సంగతి అర్థమైంది. ఆ కాలపు గోడలు గానుగ సున్నంతో కట్టినవి. అవి తేమ పీల్చుకుంటాయి, మళ్లీ గాలికి వదిలేస్తాయి. వాటి మీద సిమెంటు పూసి, ఆపైన ప్లాస్టిక్ రంగు వేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అది లోపలే తిరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఉబికి వస్తుంది. మన పల్లెల్లో డంగు సున్నం గోడలకు సిమెంటు పూత వేసి పాడుచేసుకున్నవారికి ఇది కొత్త విషయం కాదు.

అందుకే గది ఖాయం చేసే ముందు మూడు ప్రశ్నలు వేయండి. నీటి గొట్టాలు ఎప్పుడు మార్చారు? పైకప్పు మరమ్మతు అయిందా? మాకిచ్చే గది పాత భవనంలోదా, పక్కన కొత్తగా కట్టిన భాగంలోదా? మూడోదాన్ని అస్సలు మరవకండి. హోటల్ పేజీలో కనిపించేది పాత బంగళా, మీకు దొరికేది వెనకవైపు కొత్త వరుసలోని గది కావచ్చు.

అన్నీ పాత బంగళాలేనా? కొత్తవి కట్టరా?

కడతారు, కానీ నీలగిరుల్లో కొత్త కట్టడాల ఎత్తు మీద, స్థలం మీద ఆంక్షలు గట్టివి. మంచి చోట్లన్నీ ఎప్పుడో ఆక్రమించేశారు కూడా. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1820లలో ఊటీలో రాతి ఇల్లు కట్టుకున్న నాటి నుంచి తెల్లదొరలు, ఆ తర్వాత సంస్థానాధీశులు వరుసగా పైకి ఎక్కారు. ఊటీలోని ఫెర్న్‌హిల్స్ భవనం మైసూరు ఒడయార్ల వేసవి విడిది. ఎండాకాలం రాగానే మద్రాసు ప్రభుత్వమే ఊటీకి తరలిపోయేది. 1953 దాకా కృష్ణా, గుంటూరు జిల్లాలు మద్రాసు కిందే ఉన్నాయి కదా. బ్రిటిష్ వారి కాలంలో మన జిల్లాల కాగితాల మీద వేసవి సంతకాలు పడింది ఆ చలిలోనే. ఇక్కడ మన గుమాస్తాలు విసనకర్రతో విసురుకుంటూ ఆ కాగితాలు రాసి ఉంటారు.

హోటళ్లు పేరు పక్కన పెట్టుకునే 'హెరిటేజ్' (వారసత్వ కట్టడం) అన్న మాటకు ఒక లెక్క ఉంది. కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణలో 1950కి ముందు కట్టిన భవనమైతే హెరిటేజ్, 1935కి ముందుదైతే పై తరగతులకు అర్హత. ఆ గుర్తింపు లేకుండానే ఆ మాట వాడేవారు బోలెడంతమంది.

వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయా?

వస్తాయనే చెబుతారు. కుళాయి తిప్పాక ఎంతసేపటికి వస్తాయని అడగండి. బాయిలర్ ఒక మూల, మీ గది ఇంకో మూల ఉంటే గొట్టంలోని చల్లనీళ్లన్నీ పోయేదాకా ఆగాలి. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య అందరూ ఒక్కసారే స్నానానికి దిగుతారు. ఆరింటికే లేచినవాడు అదృష్టవంతుడు.

గదిలో నిప్పు రాజేసుకునే ఫైర్‌ప్లేస్ ఉంటుందట కదా?

ఉంటుంది, చాలాచోట్ల చూడటానికే. పొగగొట్టం మూసేసి, లోపల ఎర్ర బల్బు పెట్టినవీ ఉన్నాయి. నిజంగా వెలిగించే చోట కట్టెలకు విడిగా డబ్బు తీసుకుంటారు. రాజేసి, ఆర్పి వెళ్లడానికి మనిషి వస్తాడు.

ఇక్కడ హాస్యం పక్కన పెట్టి ఒక మాట. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి గదిలోకి తెప్పించుకుని తలుపులు బిగించి పడుకోవద్దు. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కొండ ఊళ్లలో దాదాపు ప్రతి చలికాలం ఇలాంటి వార్త ఒకటి చదువుతూనే ఉంటాం. ఇంకో కంబళి అడగండి.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. లిఫ్ట్ ఉంటుందా?

పాత భవనంలో ఉండదనే అనుకోండి. పైగా కొండవాలు మీద కట్టినవి కాబట్టి గది నేల అంతస్తులోదే అన్నా, దాన్ని చేరడానికి పది మెట్లు దిగాలి, భోజనశాలకు ఇరవై ఎక్కాలి. "గ్రౌండ్ ఫ్లోరేనా?" అని అడిగితే సరిపోదు. కారు ఆగే చోటు నుంచి మంచం దాకా, మంచం నుంచి భోజనశాల దాకా మొత్తం ఎన్ని మెట్లు అని అడగండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో, టబ్బు గోడ దాటితేనే స్నానమా అన్నదీ అడగండి. ఆ కాలపు టబ్బులు ఎత్తు. డెబ్బై ఏళ్లవారికి అవి కోటగోడలే.

గది అద్దె పక్కన సీపీ, ఎంఏపీ, ఏపీ అని రాస్తారు. ఏమిటవి?

ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ వారికి ప్రత్యేక ధర కాదు. గుంటూరు నుంచి ఒక పెద్దాయన నిజంగానే అలా అనుకుని సంతోషించారు. ఈపీ అంటే గది మాత్రమే. సీపీలో ఉదయం ఫలహారం కలుస్తుంది. ఎంఏపీ అంటే ఫలహారంతో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా. ఊరంతా తిరగాలనుకునేవారికి సీపీ చాలు. చీకటి పడ్డాక పొగమంచులో కొండ దిగి తిండి వెతుక్కోవడం కష్టం అనుకుంటే ఎంఏపీ మేలు.

పన్నులు కలిపి చివరికి ఎంతవుతుంది?

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. గీత దగ్గర జాగ్రత్త. 7,500 గదికి పన్నుతో 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడా వెయ్యి దాటింది. ఖరీదైన హోటల్లోని భోజనశాల బిల్లు మీద కూడా 18 శాతం పడుతుంది. పిల్లలకు వేసే అదనపు పరుపు, పండుగ రోజుల్లో తప్పనిసరి విందు లాంటివి తర్వాత బయటపడతాయి. కాబట్టి మొత్తం అంకె రాతపూర్వకంగా తీసుకోండి.

బిల్లులో 'సర్వీస్ ఛార్జి' కనిపిస్తే అది పన్ను కాదు. హోటళ్లు దాన్ని తమంతట తామే బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసేయమనండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బాగా చూసుకున్న కుర్రాడి చేతిలో మీరు పెట్టేది వేరే సంగతి. అది పెట్టండి.

అక్కడి కూరలు మాకు చప్పగా ఉంటాయేమో?

ఉంటాయి. మిరప యార్డు ఊరి నుంచి వెళ్లేవారికి లోకంలో చాలా కూరలు చప్పగానే ఉంటాయి. కారం ఎక్కువ వేయమంటే వంటవాడు మిరియాలు దంచి వేస్తాడు, మన నాలుక దాన్ని లెక్కచేయదు. కందిపొడి, ఆవకాయ వెంట తీసుకెళ్లడానికి సిగ్గుపడనక్కర్లేదు. భోజనశాలలోకి బయటి తిండి రానివ్వరు గానీ, అన్నం గదికి తెప్పించుకుంటే ఎవరూ మీ సంచి వెతకరు. ముందురోజు చెబితే ముద్దపప్పు చేసిపెట్టేవారూ ఉన్నారు.

పప్పు ఉడకలేదని వంటవాడి మీద విసుక్కునే ముందు ఒక విషయం. ఆ ఎత్తులో నీళ్లు 92, 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. కాఫీ తొందరగా చల్లారిపోతుందన్న ఫిర్యాదుకు మాత్రం మందు లేదు. ఫ్లాస్కు అడగండి.

రైల్లో ఎలా వెళ్లాలి?

విజయవాడ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్, గుంటూరు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగా వెళతాయి. అక్కడి నుంచి మేట్టుపాళయం, ఆపైన కొండ దారి. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల బొమ్మరైలు ఉంది. కూనూరు వరకు 1899లో నడిచింది, 1908లో ఊటీ చేరింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. పట్టాల నడుమ పళ్ల కమ్మీని పట్టుకుని, పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు చొప్పున పైకి పాకుతుంది. ఉదయం ఏడు దాటగానే బయలుదేరి మధ్యాహ్నానికి చేరుస్తుంది. టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజే అయిపోతాయి కాబట్టి ముందు బొమ్మరైలు టికెట్ చూసుకుని, దాన్ని బట్టి హోటల్ తేదీలు ఖాయం చేయండి. అందరూ తలకిందులుగా చేస్తారు.

పెట్టెలు ఎక్కువ ఉంటే బొమ్మరైలు వద్దు. సామాను కారులో పంపి, మీరు రైలెక్కండి.

సొంత కారులో వెళితే?

2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో నీలగిరులకు, కొడైకెనాల్‌కు వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి. రుసుం లేదు, ఆన్‌లైన్లో తీసుకోవాలి. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలనే పరిమితి పెట్టారు. కాబట్టి గది ఉంది కదా అని ధీమాగా బయలుదేరకండి. ప్రభుత్వ బస్సుకు, రైలుకు ఈ తంటా లేదు. మైసూరు మీదుగా వచ్చేవారు గుర్తుంచుకోవలసింది బండీపూర్ అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారి మూసేస్తారు.

డ్రైవరును తీసుకెళుతుంటే అతను ఎక్కడ పడుకుంటాడో ముందే అడగండి. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగరు, నేనే అడుగుతాను. నలభై డిగ్రీల ఊరి నుంచి పల్చటి చొక్కాతో వచ్చిన మనిషిని ఎనిమిది డిగ్రీల చలిలో కారులో పడుకోబెట్టి, మీరు రజాయి కింద పడుకోవడం బాగుండదు. మర్నాడు పొద్దున మీ కుటుంబమంతా అతని చేతిలోనే ఘాట్ రోడ్డు దిగాలి. డ్రైవర్లకు గది, భోజనం ఇచ్చే హోటళ్లు ఉన్నాయి. రెండు హోటళ్లు సమంగా తూగితే నేను వాటినే చెబుతాను.

దారిలో తాగడానికి నీళ్ల సీసాలు కొని పెట్టుకోవచ్చా?

నీలగిరుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. అయిదు లీటర్ల లోపు నీళ్ల సీసాలు కూడా అందులోకి వస్తాయి. చెక్‌పోస్టులో దింపించి జరిమానా వేస్తారు. స్టీలు సీసాలు తీసుకెళ్లండి. పులిహోర, జంతికలు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా డబ్బాల్లో సర్దండి.

ఏ నెల మంచిది?

ఎండ తప్పించుకోవడానికే అయితే ఏప్రిల్, మే. కానీ రద్దీ, ధర రెండూ ఆకాశంలో ఉంటాయి. మేలో పూల ప్రదర్శన రోజుల్లో రోడ్డు మీదే సగం రోజు పోతుంది. నా ఓటు సెప్టెంబరు చివరికి. వాన తగ్గి, కొండ కడిగినట్టు ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ధర దిగుతుంది, కానీ ఉతికిన బట్ట ఆరదు, అలమారాలో బూజు వాసన, అప్పుడప్పుడు కొండచరియలు. పాత భవనం అసలు రంగు బయటపడేది వానాకాలంలోనే. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. మంకీ క్యాప్ ఒక్కటి చాలదు.

అంత ఎత్తులో ఊపిరి ఆడదని భయం.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే. ఊటీలో కలిగే ఇబ్బంది మలుపుల్లో వాంతులే. కడుపునిండా ఇడ్లీ, పెసరట్టు లాగించి ఘాట్ ఎక్కకండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు మాత్రం డాక్టరును అడిగే బయలుదేరండి.

జంతువులు వస్తాయా?

కూనూరు, కోటగిరి వైపు అడవిదున్నలు హోటల్ తోటల్లోకే వస్తాయి. ఆవుల్లా తాపీగా మేస్తుంటాయి. ఆ తాపీ చూసి సెల్ఫీకి వెళ్లకండి. చీకటి పడ్డాక గది నుంచి భోజనశాలకు నడవాలంటే మనిషిని తోడు పంపమనండి. కోతుల సంగతి కోటప్పకొండ ఎక్కినవారికి నేను చెప్పాలా?

అంత దూరం ఎందుకు? అరకు, హార్స్‌లీ కొండలు లేవా?

ఉన్నాయి. రెండు రోజులే సెలవైతే అవే మంచివి. అయితే హార్స్‌లీ కొండలు దాదాపు 1,265 మీటర్లు, అరకు లోయ వెయ్యి లోపే. మేలో అక్కడ మధ్యాహ్నం ఫ్యాను కావాలి. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర కట్టుకున్న విడిది వల్లే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. చరిత్ర కావాలంటే అక్కడా ఉంది. చలి కావాలంటే మాత్రం ఇంకా పైకి ఎక్కాలి.

గదిలోకి వెళ్లాక నచ్చకపోతే?

పెట్టెలు విప్పకముందే చెప్పాలి. సామాను సర్దుకుని, టీ తాగి, రెండు గంటల తర్వాత చెబితే గది మార్చడానికి వారికి మనసు రాదు. గుమ్మంలో అడుగుపెట్టగానే అలమారా తెరిచి వాసన చూడండి. దుప్పటి కింద చేయి పెట్టి పరుపు చెమ్మగా ఉందేమో తాకండి. వేడినీళ్ల కుళాయి తిప్పి వదిలేసి, ఈలోగా కిటికీలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో చూడండి. పాత టేకు కిటికీల సందుల్లోంచి వచ్చే గాలి రాత్రి రెండింటికి తెలుస్తుంది. పైన ఇంకో గది ఉంటే, చెక్క నేల మీద వారి నడక అంతా మీ చెవిలోనే. అప్పుడు పై అంతస్తు గది అడగండి. ఇదంతా అయ్యేసరికి కుళాయిలో నీళ్లు వేడెక్కి ఉండాలి. ఎక్కకపోతే, పెట్టెలు గుమ్మం దగ్గరే ఉన్నాయి కదా, అలాగే ఉంచి రిసెప్షన్‌కు ఫోను చేయండి.